వైశాఖానికి తెలుపు, మార్గశిరానికి పసుపు

ప్రశ్న: వచ్చే వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి. ముహూర్తం రాత్రి తొమ్మిది దాటాక. నాగోలు దగ్గర ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాం, మండపం మాత్రం దాని పక్కనున్న లాన్‌లో వేస్తారు. మార్గశిరంలో మా అబ్బాయి పెళ్లి, అది తెల్లవారుజాము ముహూర్తం. వియ్యాలవారు అలంకరణ బాధ్యత మాకే వదిలేశారు. అమ్మాయి ఫోనులో దాచుకున్న ఫొటోలు చూపిస్తోంది. అన్నీ తెల్లటి హైడ్రేంజియా గుత్తులు, లేత గులాబీ రంగు రోజాలు. బంతిపూలు పెడితే గుడి అలంకరణలా ఉంటుందట. నాకేమో మల్లెలూ బంతులూ లేని పెళ్లి పందిరి ఊహకే అందదు. డెకరేషన్ వాళ్లు ఏ నెలలో ఏ పువ్వు అడిగినా తెస్తామంటున్నారు. ఆ ఎండల్లో అవి నిలుస్తాయా? రెండు పెళ్లిళ్లకూ ఒకే డిజైన్ చేయించుకోవచ్చా? మా అమ్మాయి మాట వినాలా, నా మనసు మాట వినాలా?
— ఒక తల్లి, నల్లకుంట, హైదరాబాద్

సమాధానం: అమ్మా, రెండు పెళ్లిళ్లకూ ఒకే డిజైన్ వద్దు. వైశాఖానికీ మార్గశిరానికీ మధ్య ఈ ఊళ్లో ఎండ మారుతుంది, గాలి మారుతుంది, మార్కెట్లో పూల బుట్టల రంగే మారిపోతుంది. పెళ్లి అలంకరణలో ముందుగా చూడవలసింది పంచాంగంలోని మాసం. ఆ నెలలో మన చుట్టుపక్కల నేల ఏ పువ్వును పుష్కలంగా ఇస్తోందో తెలిస్తే డిజైన్ సగం కుదిరినట్టే. ఫొటోలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

మీ అమ్మాయి మాట కొట్టిపారేయవలసింది కాదు. ఆ ఫొటోల్లో ఆమెకు నచ్చింది ఏమిటో నిదానంగా అడిగి చూడండి. హైడ్రేంజియా అనే పువ్వే కావాలని ఆమె పట్టుబడుతోందని నాకు అనిపించడం లేదు. తెలుపు, లేత రంగులు, మధ్యలో కాస్త ఖాళీ, కళ్లకు చల్లదనం — ఆమె కోరుకుంటున్నది బహుశా ఇవే. ఇవన్నీ వైశాఖమాసపు హైదరాబాద్‌లో ఊరి పూలతోనే దొరుకుతాయి. మల్లె విరగబూసే కాలం అదే కదా! మీరు మల్లెలంటున్నారు, ఆమె తెలుపంటోంది. మీ ఇద్దరి మధ్య మీరనుకుంటున్నంత దూరం లేదు.

హైడ్రేంజియా చల్లటి కొండ ప్రాంతాల పువ్వు. మన దేశంలో ఊటీ, కొడైకెనాల్ వంటి చోట్ల బాగా పెరుగుతుంది. ఒక్కో గుత్తిలో లెక్కలేనన్ని రేకులుంటాయి, అవన్నీ నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. సన్నటి కాడ అంత నీటిని పైకి లాగలేదు. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మండపానికి గుచ్చితే, అతిథులు వచ్చే వేళకు గుత్తులు తలలు వాలుస్తాయి. డెకరేషన్ వాళ్లు తెస్తామన్న మాట నిజమే, చల్లటి వ్యానులో తెస్తారు కూడా. తేవడం వాళ్ల చేతిలో ఉంది. తలంబ్రాల వేళ దాకా నిలవడం ఆ పువ్వు చేతిలో ఉంది.

ఇక మల్లెల విషయం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మల్లెతో చేసే అలంకరణ అంతా గడియారం మీద ఆధారపడుతుంది. మల్లెను విచ్చాక కోయరు. బాగా ఊరిన తెల్లటి మొగ్గను తెల్లవారుజామునే కోసి మార్కెట్‌కు పంపుతారు. ఆ మొగ్గ పగలంతా ముడుచుకునే ఉండి, పొద్దుగూకాక విచ్చుకుంటుంది. గాఢమైన పరిమళం వచ్చేదీ అప్పుడే. మీ ముహూర్తం రాత్రి తొమ్మిది దాటాక కాబట్టి మల్లెకు ఇంతకంటే అనువైన పెళ్లి లేదు. ఆ ఉదయం కొన్న మొగ్గలు జీలకర్ర బెల్లం వేళకు సరిగ్గా విచ్చుతాయి. ముందురోజు సాయంత్రమే తెచ్చి కట్టేస్తే మాత్రం ఆ రాత్రే విచ్చుకుని, పెళ్లి నాటికి అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. కాబట్టి డెకరేషన్ వాళ్లతో ఖచ్చితంగా మాట్లాడుకోండి. మల్లెలు పెళ్లిరోజు ఉదయపు కోతవే కావాలి. మధ్యాహ్నానికల్లా మాలలు కట్టడం పూర్తవ్వాలి. కట్టిన మాలలను తడి గుడ్డలోనో అరటి ఆకులోనో చుట్టి నీడపట్టున ఉంచాలి. మండపానికి వేలాడదీయడం ఎండ వాలాకే. పాలిథిన్ సంచిలో కుక్కి మూతి బిగిస్తే లోపల వేడెక్కి మొగ్గలు ఉడికినట్టవుతాయి.

మరి ఆ మల్లెలను ఎలా వాడితే మీ అమ్మాయికి నచ్చుతుంది? మండపం వెనక గోడకు ఏం చేయాలో చెబుతాను. మన ఇళ్లలో కూలర్లు రాకముందు ఎండాకాలంలో కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లేవారు, మీకు తెలిసే ఉంటుంది. మండపం వెనక పూల గోడ బదులు అలాంటి వట్టివేళ్ల తడికెలే నిలబెట్టించండి. వట్టివేరు లేత గోధుమ రంగులో గరుకుగా ఉంటుంది. దాని ముందు విడివిడిగా, జానెడు ఎడంతో, సన్నటి మల్లెమాలలు నిలువుగా వేలాడదీస్తే తెలుపు ఎంత తెల్లగా కనబడుతుందో చూడండి. పచ్చటి ప్లాస్టిక్ ఆకుల గోడ మీద ఆ తెలుపు ఇలా కనబడదు. సాయంత్రం తడికె మీద నీళ్లు చల్లితే వట్టివేరు వాసనా మల్లె వాసనా కలుస్తాయి, గాలి వీచినప్పుడల్లా పీటల మీద కూర్చున్న వాళ్లకు చల్లగా తగులుతుంది. నిప్పుల ముందు పట్టుబట్టలతో గంటలసేపు కూర్చునే పిల్లలకు వైశాఖంలో మీరివ్వగల మంచి కానుక అది. హోమగుండానికి మాత్రం తడికె బాగా దూరంగా ఉండాలి. లైట్ల వైర్లు, ప్లగ్గులు తడి తగలని వైపు నుంచి లాగమనండి.

తెలుపుకు తోడుగా లిల్లీ పూలున్నాయి. మన మార్కెట్లో లిల్లీ అని అమ్మేది నేల సంపెంగనే. విడి పూలను దండలకు వాడుకోవచ్చు, ముద్ద రకాన్ని కాడతో సహా పాత్రల్లో నిలబెట్టుకోవచ్చు. నందివర్ధనం మీ వీధిలోనే ఎవరి పెరట్లోనో ఉంటుంది, దాని ఆకు కూడా ఎంతో అందం. కొబ్బరి మట్టలను చీల్చి అల్లే పని తెలిసిన వాళ్లు దొరికితే స్తంభాలకు ఆ అల్లికే చాలు, పూలు అక్కర్లేదు. లేత పసుపు పచ్చని కొబ్బరాకు ఫొటోల్లో కూడా ఎంతో అందంగా పడుతుంది. మీ అమ్మాయి కోరిన లేత గులాబీ రంగును తామర మొగ్గలతో తీసుకురావచ్చు.

తామర గురించి ఒక మాట. కోసిన తామర కాడ నీటిని సరిగా పీల్చుకోదు, పై రేకులు త్వరగా నల్లబడతాయి. అందుకే మొగ్గను వేళ్ల మధ్య తిప్పుతూ పై రేకులను ఒక్కొక్కటిగా లోపలికి మడుస్తారు. మొదటి వరుస కొనలు లోపలికి పోతాయి, రెండో వరుస వాటి సందుల్లో పడుతుంది, మూడో వరుసకు లోపలి లేత గులాబీ రంగు బయటపడుతుంది. మడత పడిన మొగ్గ గిన్నెలా తెరుచుకుని నిలుస్తుంది. ఇందుకు పెద్ద పనితనం కూడా అక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి మీ ఇంటి ఆడపిల్లలు నలుగురు కూర్చుంటే ఆరింటికల్లా రెండు గంగాళాలకు సరిపడా మడవగలరు. పెళ్లికి వచ్చిన పిన్నులూ మేనత్తలూ ఒకచోట చేరి చేసే పని ఏదో ఒకటి ఉండటం ఇంటికి కూడా మంచిది.

గంగాళాలు అని ఊరికే అనలేదు. వైశాఖంలో సాయంత్రం పూట హైదరాబాద్‌లో గాలివాన ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. పగలంతా కాల్చిన ఎండకు సాయంత్రం మబ్బులు కమ్ముకుని, ఈదురుగాలి వచ్చి, ఇరవై నిమిషాలు కుండపోత పోసి వెళ్లిపోతుంది. లాన్‌లో నడక దారికి రెండు వైపులా ఈ మధ్య బాగా పెడుతున్న ఎత్తయిన గాజు స్టాండ్లు, సన్నటి ఇనుప చట్రాల ఆర్చీలు ఆ గాలికి ముందుగా పడేవి. పిల్లలు పరుగెత్తే చోట అవి ప్రమాదం కూడా. వాటి బదులు బరువుగా, నేలకు దగ్గరగా ఉండేవి వాడండి. ఇత్తడి గంగాళాలు, రాగి బిందెలు, రాతి తొట్లు, మట్టి కుండలు మంచివి. నీళ్లు పోసి తామరలు, మల్లెలు, ఒకటి రెండు దీపాలు తేలేస్తే సరిపోతుంది. గాలివాన వచ్చినా వాటికి జరిగే నష్టం తక్కువ. పందిరి పైనుంచి దిగే పొడవాటి మాలలు గాలికి చిక్కుపడతాయి కాబట్టి వాటి అడుగు కొనలు తడికెకో స్తంభానికో కట్టించండి.

ఇక బంతిపూల సంగతి. "గుడి అలంకరణలా" ఉందని మీ అమ్మాయి అనడానికి కారణం బంతిపువ్వు కాదు, దాన్ని మనం వాడే తీరు. నారింజ బంతి ఒక వరుస, పసుపు బంతి ఒక వరుస, మధ్యలో తెల్ల చామంతి, అంచుకు మామిడాకు — ప్రతి గుమ్మానికీ ప్రతి స్తంభానికీ ఇదే చారల మాల కడతాం. కన్ను ఎక్కడా నిలవదు. అదే బంతిని ఒకే రంగులో, ఒకే చోట, ఒత్తుగా వాడి చూడండి. గేటు దగ్గర పసుపు బంతి మాత్రమే, పక్కన మరే రంగూ లేకుండా, గుమ్మం నిండుగా కట్టండి. చూసే వాళ్లకు ముందు ఆ రంగే కనబడుతుంది, పువ్వు ఏమిటన్నది తర్వాత. వేసవిలో బంతిపువ్వు కాస్త చిన్నదిగా వస్తుంది కాబట్టి ఈ పెళ్లికి దాన్ని గుమ్మం దగ్గరే ఆపేయండి. దాని అసలు వైభవం మీ అబ్బాయి పెళ్లికి చూపిద్దాం.

పూలను దేనిలో గుచ్చుతారో కూడా అడగండి. చాలామంది పచ్చటి ఫోమ్ దిమ్మెలు వాడతారు. 1954లో అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ తయారుచేసిన వస్తువు అది. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ రసాయనాలతో చేసిన ప్లాస్టిక్ నురుగు. మట్టిలో కలవదు, చేతిలో నలిగి సన్నటి ప్లాస్టిక్ పొడిగా మారి నీళ్లలోకి పోతుంది. ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన పూల ప్రదర్శనల్లో 2021 నుంచి దాన్ని వాడనివ్వడం లేదు. మనకు దాని అవసరమే లేదు, పెళ్లి పందిట్లోనే అరటి బోదె ఉంది కదా. బోదెను జానెడు మందాన అడ్డంగా కోసి చూడండి. లోపల పొరపొరకూ మధ్య చిన్న చిన్న గదులు, వాటి నిండా నీరు. గట్టి కాడలున్న పూలు, ఆకులు నేరుగా గుచ్చితే ఆ నీటితోనే ఆ పూట గడుపుకుంటాయి. మెత్తటి కాడ అయితే ముందు వెదురు పుల్లతో రంధ్రం చేసి దింపాలి. కోసిన బోదె నుంచి కారే రసం బట్టకు అంటితే మరక పోదు, అందుకని కింద పళ్లెం పెట్టించండి, పట్టుచీరలు దాని పక్కకు రానివ్వకండి. గెల కోసేసిన చెట్ల బోదెలే తెమ్మనండి, ఎలాగూ వాటిని రైతులు నరికేస్తారు.

వైశాఖం పెళ్లిలో చాలామందికి తట్టని పొరపాటు ఇంకోటుంది. పెళ్లివారి సామాను గదిలో మామిడిపండ్ల పెట్టెలు, అరటి గెలలు ఉంటాయి. చల్లగా ఉంది కదా అని పూల బుట్టలను కూడా అదే గదిలో పెడతారు. పండుతున్న కాయల నుంచి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. కాయలను పండించేది, పూలను తొందరగా వాడిపోయేలా చేసేది అదే. కార్నేషన్లు, ఆర్కిడ్లు దీనికి మరీ సుకుమారం, రాత్రికి రాత్రే ముడుచుకుపోతాయి. పండ్లకో గది, పూలకో గది విడిగా చూపించండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇన్ని చెప్పినా మీ అమ్మాయికి కొన్ని రోజాలైనా ఉండాలనిపిస్తే ఉండనివ్వండి, పెళ్లి ఆమెది. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రైతులు పూల సాగు చేస్తారు, దూరం తక్కువ కాబట్టి తాజా పువ్వు దొరుకుతుంది. ఎండకు రోజా మొగ్గ ఇట్టే విచ్చుకుని రేకులు రాలుస్తుంది కనుక రోజాలను లాన్‌లోకి తేకండి, హాలు లోపల రిసెప్షన్ వేదికకు ఉంచుకోండి. తెచ్చిన వెంటనే కింది ఆకులు తీసి, కాడ చివర ఏటవాలుగా కోసి, శుభ్రమైన బకెట్‌లో నిండా నీళ్లు పోసి, చీకటి గదిలో మూడు నాలుగు గంటలు ఉంచాలి. కోసిన కట్టను నేరుగా గుచ్చితే ఎంత ఖరీదైన రోజా అయినా మెడ వాలుస్తుంది. విదేశీ పువ్వు రూపం కావాలంటే తెల్లటి డెండ్రోబియం ఆర్కిడ్ మేలు, అది వేడి ప్రాంతాల జాతి, వేసవి సాయంత్రానికి తట్టుకుంటుంది. దాన్ని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. రోజాకు మంచి చేసే చలి ఆర్కిడ్‌కు కీడు చేస్తుంది, రేకుల మీద మచ్చలు పడతాయి.

ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. కప్పు నుంచి వేలాడే వాటికి డబ్బంతా పోసి, దండల దగ్గర బేరమాడే ఇళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పెళ్లి ఫొటోల్లో చివరిదాకా మిగిలేవి ముఖాలు, చేతులు, మెడలో దండలు, జడ. అతిథులు తల ఎత్తి కప్పు చూసేది ఒక్కసారే. పూలజడకూ దండలకూ మంచి పనితనం ఉన్న మనిషిని వెతికి పట్టుకోండి. ఎండాకాలానికి బరువైన రోజా రేకుల దండలు వద్దు, మెడ కింద చెమటకు రేకులు నలిగి పట్టుబట్టలకు రంగు అంటుతుంది. సన్నటి వట్టివేరు దండకు మధ్యమధ్య లిల్లీలు గుచ్చి, చివర ఒక్క తామర మొగ్గ వేలాడదీయమనండి. తేలిగ్గా ఉంటుంది, తడిపితే చల్లగా ఉంటుంది. జడకు మల్లె మొగ్గలు, మధ్య గీతలా కనకాంబరం. కనకాంబరానికి వాసన లేదు గానీ బరువు లేదు, రెండు రోజులైనా రంగు తగ్గదు. అడ్డుతెరను పూలతో కప్పేయకండి. గుడ్డ మీద గుర్తు కనబడాలి, అంచుకు ఒక్క వరుస మల్లె చాలు.

భోజనాల దగ్గర వాసన పూలు పెట్టవద్దు. పప్పుచారు వాసనకు అడ్డంగా లిల్లీ వాసన వస్తే తినబుద్ధి కాదు. అక్కడ ఆకులే చాలు, మామిడి, తమలపాకు, అరటి ఏదైనా సరే. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: తాంబూలాల పళ్లేల్లోనూ మిఠాయిల చుట్టూనూ గన్నేరు పూలు, పచ్చ గన్నేరు పూలు అలంకరణకు పెట్టనివ్వకండి. చూడటానికి అందంగా ఉంటాయి, కానీ ఆ చెట్టులో ప్రతి భాగమూ విషమే. మార్కెట్ పూల మీద పురుగుమందులు కొట్టి ఉంటారు కాబట్టి తినే వాటి మీద ఏ పూల రేకులూ చల్లవద్దు.

ఇప్పుడు మీ అబ్బాయి పెళ్లికి వద్దాం. మార్గశిరంలో పొద్దు కురచ, రాత్రి పొడుగు. పగటి వెలుతురు తగ్గితేనే చామంతి సహజంగా పూతకు వస్తుంది. అందుకే చలికాలంలో మార్కెట్ నిండా చామంతి కనబడుతుంది. బంతి కూడా ముద్దగా, బరువుగా వస్తుంది. తెల్లవారుజాము చలికి పూలు వాడవు, ముందురోజు రాత్రే అలంకరణ పూర్తిచేసి మీరు నిద్రపోవచ్చు. ఈ పెళ్లికి రంగులు ధారాళంగా వాడండి. పసుపు, కాషాయం, మిరప ఎరుపు, వంకాయ రంగు. తెల్లవారక ముందు ఆ మసక వెలుతురులో తెల్లపూలు వెలవెలబోతాయి, పసుపు మాత్రం దీపాల కాంతిని పట్టుకుంటుంది.

రూపం కోసం ఎక్కడికో వెళ్లవలసిన పని లేదు. బతుకమ్మ పేర్చిన చేతులు మీ వీధిలో ఎన్నో ఉంటాయి. ఒక్కో వరుసకు ఒక్కో పువ్వు, కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, రంగు మారే చోట గీత గీసినట్టు స్పష్టత — పూలతో కట్టడం అంటే ఏమిటో ఈ నేల మీద ఆడవాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మండపం నాలుగు స్తంభాల మొదళ్లను ఆ పద్ధతిలో వరుసలుగా పేర్పించండి. గౌరమ్మను నిలిపే బతుకమ్మను పందిట్లోకి తెచ్చినట్టు ఉండకూడదు, ఆ వరుసల క్రమం మాత్రమే తీసుకోవాలి. పైగా మార్గశిరం అంటే వరికోతలు. వరి కంకులతో అల్లే ధాన్యపు కుచ్చులు పల్లెల్లో ఇంకా అల్లుతున్నారు, ఒకప్పుడు పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసేవారు. షాండ్లియర్ బదులు మండపం మధ్యలో ఒక పెద్ద కుచ్చు వేలాడదీయండి. పంట ఇంటికొచ్చిన వేళ కొత్త కోడలు కూడా వస్తోందని చూసిన ప్రతి పెద్దావిడకూ అర్థమవుతుంది. కాయలున్న ఉసిరి రెమ్మలు, జొన్న కంకులు పాత్రల్లో నిలబెట్టండి. మాలల్లో ఊదారంగు డిసెంబరాలు కలపండి. వాసనకు మరువం, దవనం చాలు. మల్లె మాత్రం ఆ నెలలో కరువు, ధర మండిపోతుంది, మొగ్గ కూడా చిన్నది. కోడలి జడకు కొద్దిగా కొని ఊరుకోండి.

మిగతా మాసాల గురించి అడిగే పాఠకులకు రెండు మాటలు. మాఘ, ఫాల్గుణాల్లో రోజాలు నాణ్యంగా ఉంటాయి, ఫిబ్రవరి రెండో వారంలో మాత్రం ప్రేమికుల రోజు పుణ్యమా అని ధర ఎగబాకుతుంది. ఊరి బయట మోదుగ నిప్పు రంగులో పూస్తుంది. కొమ్మలు విరవకుండా రాలిన పూలనే ఏరి తెచ్చి పళ్లేల్లో పోసుకోవచ్చు. శ్రావణంలో శుక్రవారాలకు, వరలక్ష్మీ వ్రతానికి పూల ధర పెరుగుతుంది. వానకు తడిసిన పూలు బరువు తూగుతాయి, లోపల కుళ్లు పడుతుంది. ఆ నెలలో ఆరబెట్టిన పూలతోనే మాలలు కట్టించాలి, ఆకుల పచ్చదనం మీద ఎక్కువ ఆధారపడాలి.

డెకరేషన్ వాళ్లతో మాట కాగితం మీద ఉండాలి. ఏ పువ్వు ఎన్ని కిలోలు, ఎన్ని మూరలు, ఎన్ని కట్టలు, ఆ పువ్వు ఆ రోజు దొరక్కపోతే బదులుగా ఏది, ఎన్ని గంటలకు కట్టడం మొదలు, ఎప్పటికి పూర్తి — ఇవన్నీ రాయించండి. అసలు పూల మధ్యలో, ముఖ్యంగా కంటికి అందని ఎత్తులో, ప్లాస్టిక్ పూలు కలపడం మామూలైపోయింది. అది మీకు సమ్మతమో కాదో ముందే చెప్పండి, నాకైతే అసలు సమ్మతం కాదు. చామంతుల మీద నీలం, ఊదా రంగులు స్ప్రే చేసి తెస్తుంటారు. తెల్ల కాగితం మీద రుద్ది చూస్తే తెలిసిపోతుంది. ఆ రంగు మధుపర్కాల మీద పడితే వదలదు.

మాలలు కట్టడానికి నైలాను దారం, పిన్నులు కాకుండా అరటి నార, నూలు దారం వాడితే మర్నాడు పూలన్నీ నేరుగా ఎరువు గుంతలోకి పోతాయి. వట్టివేళ్ల తడికెలు, ఇత్తడి పాత్రలు, ధాన్యపు కుచ్చు మీ ఇంట్లోనే మిగులుతాయి. బంతి, చామంతి రేకులు ఎండబెట్టుకుంటే గుడ్డలకు పసుపు రంగు వేసుకోవచ్చు.

ఇక మీ చివరి ప్రశ్న, ఎవరి మాట వినాలని. చైత్రంలో ఒక ఉదయం పెందలాడే అమ్మాయిని వెంటబెట్టుకుని మెహదీపట్నం దగ్గరి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లండి. ఫోను సంచిలో పెట్టుకోమనండి. బుట్టల మధ్య నడుస్తూ ఆమెకు నచ్చిన తెల్లపూలను ఆమెనే పట్టుకోనివ్వండి. మీకు నచ్చినవి మీరు పట్టుకోండి. కొన్నవాటిని ఇంటికి తెచ్చి, ఏసీ వేయకుండా, వరండాలో రాత్రి తొమ్మిది దాకా ఉంచి చూడండి. ఏవి నిలిచాయో మీ ఇద్దరికీ కళ్లెదుటే తేలుతుంది. డెకరేషన్ వాళ్లకు అడ్వాన్సు ఇవ్వడం ఆ మర్నాడు పెట్టుకోండి. అబ్బాయి పెళ్లికి గునుగు కూడా వాడాలనుకుంటే బతుకమ్మ రోజుల్లోనే తెచ్చి, చిన్న కట్టలుగా కట్టి, నీడలో తలకిందులుగా ఆరగట్టండి. మార్గశిరం దాకా చెక్కుచెదరదు.